చేతి వాపుకు వేసుకునే స్లీవ్‌లు: విజయవాడలో కొన్నవాటి గురించి ఒక టైలరు మాట

నేను విజయవాడ వన్‌టౌన్‌లో జాకెట్లు కుడతాను. క్యాన్సర్ వచ్చి ఎడమ రొమ్ము ఆపరేషన్ చేసి తీసేశారు, దాంతోపాటే చంకలో లింఫ్ గ్రంథులు కూడా తీశారు, ఆ తర్వాత కరెంటు (రేడియేషన్) పెట్టారు. అన్నీ అయిపోయి జుట్టు మళ్లీ ఒత్తుగా వచ్చాక ఎడమ చెయ్యి బరువెక్కడం మొదలైంది. డాక్టరుగారు చూసి లింఫిడీమా అన్నారు. చేతి నుంచి వచ్చే లింఫ్ ద్రవం చంకలో ఉండే గ్రంథుల గుండానే పైకి పోవాలట. వాటిని తీసేసినా, రేడియేషన్‌కు అక్కడ గట్టిపడినా ఆ ద్రవం చేతిలోనే నిలిచిపోతుంది. కొందరికి ఆపరేషన్ అయిన కొన్ని నెలలకే వస్తుంది, కొందరికి ఏళ్లు గడిచాక వస్తుంది. పూర్తిగా పోయేది కాదు, అదుపులో పెట్టుకోవాల్సింది. అందుకని రోజూ పొద్దున తొడుక్కునే బట్ట ఒకటి మన జీవితంలోకి వస్తుంది. దాన్నే కంప్రెషన్ స్లీవ్ అంటారు.

ఇన్నేళ్లుగా ఆడవాళ్ల చేతుల కొలతలు తీస్తున్నదాన్ని. ఈ స్లీవ్‌ల గురించి నాకు గట్టిగా చెప్పాలనిపించేది కొలత గురించే. పెళ్లికి ఒక్కరోజు వేసుకునే జాకెట్టుకు కూడా ఆది జాకెట్టు తెమ్మంటాం, చంక రౌండు రెండుసార్లు చూస్తాం. రోజంతా చేతిని నొక్కిపట్టి ఉంచే బట్టను మాత్రం కౌంటర్ మీద పెట్టి అమ్మేస్తున్నారు.

మొదటి స్లీవ్ సూర్యారావుపేటలో ఒక సర్జికల్ షాపులో కొన్నాను. పేరు రాయను. హాస్పిటళ్లన్నీ ఆ చుట్టుపక్కలే కాబట్టి అలాంటి షాపులు వరసగా ఉంటాయి. చీటీ చూపిస్తే కౌంటర్‌లో అబ్బాయి నన్ను కింద నుంచి పైకి చూసి, "మీకు ఎం సైజు సరిపోద్దండి" అన్నాడు. "టేపు లేదా బాబూ?" అని అడిగాను. "అందరూ ఇలాగే తీసుకెళ్తారండి" అన్నాడు. ఆ డబ్బా వెనకే సెంటీమీటర్లలో పట్టిక ఉంది, మణికట్టు ఎంతుండాలి, మోచెయ్యి ఎంతుండాలి, పై చెయ్యి ఎంతుండాలి అని. షాపులో ఎవరూ దాన్ని తిప్పి చూడలేదు. వేసి చూసుకోవడానికి గది కూడా లేదు. మగవాళ్లు నిలబడి ఉన్నచోట జాకెట్టు చెయ్యి ఎంతవరకు పైకి లాగుకుంటాం?

నా మణికట్టు సన్నం, వాపంతా మోచేతి పైన. కాబట్టి ఆ స్లీవ్ కింద వదులుగా, పైన బిగుతుగా కూర్చుంది. అసలు ఉండాల్సింది దీనికి తలకిందులు. ఒత్తిడి మణికట్టు దగ్గర ఎక్కువగా మొదలై పైకి పోయేకొద్దీ తగ్గాలి, అప్పుడే ద్రవం పైకి కదులుతుంది. నాకు మధ్యాహ్నానికి పై అంచు చుట్టుకుపోయి తాడులా బిగుసుకునేది, సాయంత్రానికి అరచెయ్యి వెనక ఉబ్బేది. అంచు జారకుండా లోపల సిలికాన్ చుక్కలు పెడతారు. మే నెలలో మన ఊరి ఉక్కకు ఆ చుక్కలున్న చోటల్లా చర్మం ఎర్రగా కందింది. వెనక్కి ఇస్తానంటే, డబ్బా తెరిచాక తీసుకోం అన్నారు. ధర రెండు వేల లోపే గానీ, బాధ డబ్బు గురించి కాదు. తప్పుడు కొలత స్లీవ్ వాపును పెంచుతుంది. అది అమ్మేవాళ్లకు తెలియకపోవడం నాకు చాలా కష్టం అనిపించింది.

రెడీమేడ్ అన్నీ పనికిరావని మాత్రం అనను. నేను మొదట కొన్నది సర్క్యులర్ నిట్ రకం, గొట్టంలా చుట్టూ అల్లేది. కుట్టు ఉండదు, పలుచన, జాకెట్టు కింద కనపడదు. కానీ కింద నుంచి పైదాకా వరసలో ఉచ్చుల సంఖ్య ఒకటే, దారం బిగువు మార్చి మాత్రమే ఆకారం తెస్తారు. అందుకే వాపు కొంచెమే ఉండి, చెయ్యి మామూలు ఆకారంలో ఉన్నవాళ్లకు అది చక్కగా సరిపోతుంది. గుంటూరు నుంచి నా దగ్గరకు జాకెట్లకు వచ్చే ఒకావిడ అదే వేసుకుంటారు, ఆమెకు ఏ ఇబ్బందీ లేదు. ఆమెకు హాస్పిటల్లో కొలిచి సైజు రాసిచ్చారు, తేడా అక్కడే.

నాకు ఊరట దొరికింది ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌లో. మా డాక్టరుగారే పంపారు. అక్కడ లింఫిడీమా పని నేర్చుకున్న అమ్మాయి ఒకరున్నారు. నేను వెళ్లగానే స్లీవ్ కొలతలు తీసుకోమన్నాను. "ఇప్పుడు తీస్తే వాపుకు తీసినట్టవుద్దమ్మా, ముందు చెయ్యి తగ్గనివ్వండి" అంది. ఆ ఒక్క మాటతో నాకు నమ్మకం కలిగింది. కొన్ని వారాలపాటు చేతితో మెల్లగా రాసి ద్రవాన్ని దారి మళ్లించడం, తర్వాత మెత్తటి దూది పొర మీద పొరలు పొరలుగా కట్టు కట్టడం, ఆ కట్టుతోనే వ్యాయామం చేయించడం. ఆ కట్టు మెడికల్ షాపులో దొరికే క్రేప్ బ్యాండేజీ కాదు. క్రేప్ బాగా సాగుతుంది, ఊరికే కూర్చున్నా నొక్కుతూనే ఉంటుంది. ఇది తక్కువ సాగే రకం. చెయ్యి కదిలినప్పుడు కండకు ఎదురు నిలబడి నొక్కుతుంది, విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒత్తిడి తక్కువ. బట్ట సాగుడు గురించి ఇంత ఆలోచన ఉంటుందని ఇన్నేళ్ల కుట్టుపనిలో నాకు తెలియదు.

చెయ్యి తగ్గి అక్కడే నిలబడ్డాక కొలతలు తీసింది. పొద్దున్నే రమ్మంది, వాపు అప్పుడే తక్కువ ఉంటుంది కాబట్టి. తలుపు వేసి, కూర్చోబెట్టి, పెన్నుతో చేతి మీద గీతలు పెట్టి మణికట్టు నుంచి చంక దాకా చుట్టుకొలతలు, మధ్య పొడవులు రాసుకుంది. టేపు చర్మాన్ని తాకాలి గానీ నొక్కకూడదు. ఆ అమ్మాయి టేపు పట్టుకున్న తీరు చూసి నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు చూపించాలనిపించింది. బాగున్న చేతిని కూడా కొలిచి పక్కన రాసింది, ముందు ముందు తేడా తెలియడానికి.

ఆర్డరిచ్చింది ఫ్లాట్ నిట్ రకం. జోబ్‌స్ట్, జూజో, మెడి లాంటి విదేశీ కంపెనీలు ఈ రకం చేస్తాయి. చదునుగా అల్లుతూ, మన కొలత ప్రకారం ఉచ్చులు పెంచుతూ తగ్గిస్తూ వచ్చి, చివర నిలువునా ఒక కుట్టు వేస్తారు. నాది వచ్చాక మొదట తిరగేసి ఆ కుట్టే చూశాను. అంచు మీద అంచు మడవకుండా పక్కపక్కన చేర్చి కుట్టారు, వేలితో తడిమితే గట్టు తగల్లేదు. పై అంచు భుజం వైపు ఎత్తుగా, చంక వైపు తక్కువగా ఏటవాలుగా ఉంది. మనం జాకెట్టు చేతికి పెట్టే వంపు అదే, అందుకే చంకలో గుచ్చుకోదు. బట్ట మందం, కొంచెం గరుకు కూడా. ఆ గట్టిదనం వల్లే చర్మం మడతల్లోకి దిగిపోకుండా చేతి మీద సమంగా నిలుస్తుంది. జారడం లేదు. రాత్రికి చెయ్యి పొద్దున ఉన్నట్టే ఉంటోంది. నాకు ఇంతకంటే కావాల్సింది లేదు.

లోపాలూ ఉన్నాయి. పది వేలు దాటింది, పైగా రావడానికి వారాలు పట్టింది. చర్మం రంగు అంటారు గానీ ఆ లేత రంగు మన చేతి మీద దూరం నుంచే కనపడుతుంది. నేను నలుపు తీసుకున్నాను, చాలా చీరలకు కలుస్తుంది. రోహిణి కార్తెలో మోచేతి మడత దగ్గర చెమటకు చిరచిరలాడింది. అక్కడ మెత్తటి అల్లిక పెట్టించుకునే వీలుందని తర్వాత తెలిసింది, మీరు కొలతలప్పుడే అడగండి. సిలికాన్ పట్టీ వద్దని కూడా ముందే చెప్పొచ్చు.

డబ్బా మీద ఒత్తిడి పాదరసం మిల్లీమీటర్లలో ఉంటుంది, 20–30 అని అలా. కొన్నింటి మీద క్లాస్ 1, క్లాస్ 2 అని మాత్రమే ఉంటుంది. జర్మనీ లెక్కలో మొదటిది 18–21, రెండోది 23–32. వేరే దేశం లెక్క వేరేగా ఉంటుంది కాబట్టి క్లాస్ మాట ఒక్కటీ నమ్మి కొనకండి, అంకె చూడండి. ఎంత కావాలో మాత్రం డాక్టరో థెరపిస్టో చెప్పాలి. గుండె జబ్బు ఉన్నవాళ్లు, చేతికి రక్తప్రసరణ సరిగా లేనివాళ్లు అడగకుండా అసలు వేసుకోకూడదు.

అరచెయ్యి ఉబ్బే గుణం ఉంటే స్లీవ్ ఒక్కటే వేస్తే ద్రవం కిందికి చేరుతుంది, గ్లౌజు కూడా కావాలి. నేను వేళ్ల చివరలు బయటికి ఉండే రకం తీసుకున్నాను, సూదిలో దారం ఎక్కించుకోగలుగుతున్నాను. ఆ చేతికి సూది గుచ్చుకోకుండా వేలికి టోపీ తప్పనిసరి చేసుకున్నాను. దోమ కుట్టినా, చిన్న గీత పడినా అక్కడ ఇన్ఫెక్షన్ తొందరగా పట్టుకుంటుంది. చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే స్లీవ్ తీసేసి అదే రోజు డాక్టరు దగ్గరకు వెళ్లాలి. వేళ్లు తిమ్మిరెక్కినా, నీలంగా మారినా వెంటనే తీసేయాలి. ఆవకాయ రోజుల్లో కారం కలిపే పని మా కోడలికి ఇచ్చేశాను, ఆ బట్ట పోగుల్లోకి కారం వెళ్తే ఒకపట్టాన పోదు. ఎడమ చేతికి గాజులు కూడా తీసేశాను. పేరంటాల్లో ఒకరిద్దరు అడుగుతారు. ఉన్న విషయం చెప్తాను. దాచుకోవాల్సిన పని నాకు కనపడలేదు.

తొడుక్కోవడం మొదట్లో ఏడిపిస్తుంది. స్నానం చేసి చెయ్యి పూర్తిగా ఆరాక, గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజులు వేసుకుని మణికట్టు నుంచి అరచేత్తో పైకి సర్దుకుంటూ రావాలి. పై అంచు పట్టుకుని లాగితే బట్ట సాగిపోతుంది, మోచేతి దగ్గర ముడతలు మిగులుతాయి. క్రీములు రాత్రి స్లీవ్ తీశాకే రాయాలి, ఎలాస్టిక్ పాడవకుండా. పగటి స్లీవ్‌తో పడుకోకూడదు. రోజూ చేత్తో ఉతికి, పిండకుండా టవల్లో చుట్టి నొక్కి, నీడలో ఆరేయాలి. అందుకే ఎప్పుడూ రెండు ఉండాలి. సుమారు ఆరు నెలలకు బిగువు తగ్గుతుంది, అప్పుడు మళ్లీ కొలిపించుకుని కొత్తవి తీసుకోవాలి. ఖర్చు చెప్పేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పరు. నెలనెలా కొంత పక్కన పెట్టుకోవడం మంచిది.

బ్రా గురించి కూడా నాలుగు మాటలు. సన్నటి పట్టీలున్నవి భుజంలోకి దిగి, వాపు ఉన్నవైపు దారిని ఇంకా నొక్కేస్తాయి. వెడల్పు పట్టీ, కింద వైరు లేకుండా, లోపల జేబు ఉన్నది కావాలి. వస్త్రలత బట్టల మార్కెట్లో మెత్తటి కాటన్ తెచ్చి నాకు నేనే కుట్టుకున్నాను, జేబులో తేలికపాటి ప్యాడ్ పెట్టుకుంటాను. సిలికాన్‌ది బరువు, ఎండాకాలంలో నా వల్ల కాలేదు. జాకెట్టు కుట్టించుకునేటప్పుడు మీ టైలరుకు సంగతి చెప్పండి. రెండు చేతులూ విడివిడిగా కొలవమనండి, వాపు ఉన్నవైపు చంక రౌండు స్లీవ్ వేసుకునే కొలవాలి, పక్క కుట్టులో బట్ట ఎక్కువ వదలాలి.

క్లినిక్‌కు వెళ్లేటప్పుడు ముందుగా ఫోన్ చేసి కొలిచే ఆవిడ ఉన్నారో లేదో కనుక్కోండి. కొలత సరిపోకపోతే మార్చి ఇస్తారా అని డబ్బు కట్టకముందే అడిగి, బిల్లు మీద రాయించుకోండి. నాకు మొదటిసారి గ్లౌజు బొటనవేలు దగ్గర బిగుతుగా వస్తే అడిగిన వెంటనే తిప్పి పంపారు, అదనంగా ఏమీ తీసుకోలేదు.