తెలుగులో వెతకడానికి ఏది మేలు: మాటా, అక్షరమా, అర్థమా?

'చెరువు గట్టు' అని కొట్టి వెతకండి. పేజీలో 'చెరువుగట్టున' అని కలిపి రాసి ఉంటే, చాలా తెలుగు సైట్ల సొంత సెర్చ్ ఏమీ దొరకలేదనే చెబుతుంది. మన కంటికి రెండూ ఒకటే. యంత్రానికి మాత్రం విడివిడిగా ఉన్న రెండు మాటలు వేరు, కలిసిపోయిన ఒక్క మాట వేరు. పాత పత్రికల స్కాన్లకో, ఊరి చరిత్ర వ్యాసాలకో, పంచాయతీ కాగితాలకో సెర్చ్ పెడదామని కూర్చున్నవాళ్లకి మొదటి గంటలోనే ఎదురయ్యే ఇబ్బంది ఇది.

అక్కడి నుంచి మూడు దారులున్నాయి. మాటను మాటగా పోల్చవచ్చు. మాటను అక్షరాల ముక్కలుగా కోసి పోల్చవచ్చు. లేదా వాక్యం అర్థాన్ని ఒక అంకెల వరుసగా మార్చి, ఆ వరుసల మధ్య దగ్గరతనాన్ని చూడవచ్చు. ఈ మధ్య ఎవరిని అడిగినా నేరుగా మూడోదానికే వెళ్లమంటున్నారు. తెలుగు విషయంలో అది తొందరపాటని నా అభిప్రాయం.

మాటను మాటగా పోల్చే పద్ధతుల్లో ఇప్పటికీ నిలబడి ఉన్నది బీఎం25. లండన్ సిటీ యూనివర్సిటీలో స్టీఫెన్ రాబర్ట్‌సన్ బృందం తమ ఒకాపీ అనే సెర్చ్ సిస్టమ్ కోసం తయారుచేసి, సెర్చ్ సిస్టమ్‌లను ఒకే పరీక్ష మీద పోల్చే ట్రెక్ పోటీ 1994లో మూడోసారి జరిగినప్పుడు వాడింది. దాని వెనక ఉన్న ముఖ్యమైన ఆలోచన ఇంకా పాతది. ఎంత తక్కువ పత్రాల్లో కనిపిస్తే ఆ మాటకు అంత బరువు ఇవ్వాలని కరెన్ స్పార్క్ జోన్స్ 1972లో చెప్పారు. 'మరియు' వేల పేజీల్లో ఉంటుంది కాబట్టి దానికి విలువ లేదు, 'నాగళ్లు' కొన్నిట్లోనే ఉంటుంది కాబట్టి విలువ ఉంది.

ఇంగ్లీషుకు చక్కగా సరిపోయే ఈ లెక్క తెలుగులో ఒకచోట దెబ్బతింటుంది. 'చెరువు' అందరూ వాడే మాటే. 'చెరువులోంచేనా' అన్న రూపం మాత్రం మొత్తం పత్రాల్లో ఒక్కసారే రావచ్చు. అప్పుడు బీఎం25 దాన్ని అతి అరుదైన, అతి విలువైన మాట అనుకుని బరువంతా అక్కడే పెడుతుంది. నిజానికి అక్కడ అరుదుగా ఉన్నది విభక్తులూ ప్రత్యయాలూ ఒకదాని మీద ఒకటి పేరిన తీరే. మాట మామూలుదే. అందువల్ల తెలుగులో పనికొచ్చే పేజీ దొరక్కపోవడం ఒక నష్టమైతే, దొరికిన పేజీల వరుస తప్పడం ఇంకో నష్టం. ఈ రెండోదాన్ని చాలామంది గమనించరు.

దీనికి అందరూ చెప్పే మందు తోకలు కత్తిరించడం. -లో, -కి, -ని, -లు తీసేసి మొదలు మాత్రమే ఉంచడం. సెర్చ్ కట్టడానికి వాడే ల్యూసీన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 9వ వెర్షన్ నుంచి తెలుగుకు విడిగా ఈ పని చేసే భాగం ఉంది. సులువుగా దొరుకుతుంది కాబట్టి మొదట దాన్నే పెట్టి చూడండి, కానీ దాన్ని నమ్మి ఊరుకోకండి. 'కాలువలో' నుంచి 'కాలువ' బాగానే వస్తుంది. 'ఇంట్లో' నుంచి 'ఇల్లు' రాదు. అక్కడ మొదలే మారిపోయింది. బహువచనం అనుకుని 'లు' కోసేస్తే 'పాలు' కాస్తా 'పా' అవుతుంది, 'మేలు' కాస్తా 'మే' నెల అవుతుంది. నియమాలు పెంచుకుంటూ పోతే మినహాయింపులూ పెరుగుతాయి. తెలుగు వ్యాకరణం బాగా తెలిసిన మనిషి ఒకరు కొన్ని నెలలు కూర్చుంటే గొప్పగా తయారవుతుంది. అలాంటి మనిషి మీ దగ్గర ఉంటే ఈ వ్యాసం మిగతా భాగం మీకు సగమే అవసరం.

రెండో దారి అక్షరాల ముక్కలు. పాల్ మెక్‌నామీ, జేమ్స్ మేఫీల్డ్ 2004లో యూరప్ భాషల మీద చేసిన పరిశోధనలో, భాష గురించి ఏమీ తెలియకపోయినా నాలుగేసి అక్షరాల ముక్కలతో వెతకడం బాగా పనిచేస్తుందని చూపించారు. ఫిన్నిష్ లాంటి ప్రత్యయాల భాషలకు మరీ లాభం. ఆ లెక్కన తెలుగుకూ కలిసి రావాలి. వస్తుంది కూడా, కాకపోతే 'అక్షరం' అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి.

'స్త్రీ' మనకు ఒక్క అక్షరం. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూనికోడ్ పద్ధతిలో అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. మన అక్షరాల లెక్కన కోయడమే పద్ధతి అని మొదట ఎవరికైనా అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ 'పుస్తకం', 'పుస్తకాలు' పక్కపక్కన పెట్టి చూడండి. పు-స్త-కం, పు-స్త-కా-లు. మూడేసి అక్షరాలుగా కోస్తే ఈ రెండింటికీ ఉమ్మడి ముక్క ఒక్కటీ లేదు, ఎందుకంటే 'కం' వేరు, 'కా' వేరు. అదే యూనికోడ్ సంకేతాలను నాలుగేసిగా కోస్తే మొదటి ఆరు సంకేతాలూ ఒకటే కాబట్టి మూడు ముక్కలు కలుస్తాయి. పొల్లు దగ్గర, గుణింతం మధ్యలో తెగిన ఆ ముక్కలు చూడ్డానికి అసహ్యంగా ఉంటాయి. అయినా గుణింతం మారినప్పుడు మాటను పట్టుకునేవి అవే. ముక్కలు అందంగా ఉండాలని నేను పట్టుబట్టినంత కాలం తప్పు దారిలోనే ఉన్నాను.

దీని చెడ్డ గుణం కూడా చెప్పాలి. 'తెలుగు' అని వెతికితే 'వెలుగు' వచ్చి కూర్చుంటుంది. నాలుగేసి సంకేతాల ముక్కల్లో మూడింట రెండు రెండిటికీ ఉమ్మడి. మాట మొదట్లో, చివర్లో ఒక గుర్తు తగిలించి కోస్తే ఇది కొంత తగ్గుతుంది, ఎందుకంటే తెలుగులో మాట మొదలు గట్టిది, మార్పులన్నీ తోక వైపే. ఇండెక్స్ బరువు పెరుగుతుంది, వెతుకులాట నెమ్మదిస్తుంది. కొన్ని వేల పేజీల భాండారానికి అది లెక్కలోనిది కాదు, కోట్ల పేజీలకైతే ఆలోచించాలి. ఇక 'ఇల్లు', 'ఇంట్లో' దగ్గర ఈ పద్ధతి కూడా చేతులెత్తేస్తుంది. కానీ పాత పుస్తకాల స్కాన్లను యంత్రం చదివినప్పుడు 'ప'ను 'వ'గా, 'థ'ను 'ధ'గా చదివిన తప్పులుంటాయి చూశారా, వాటిని తట్టుకునే శక్తి దీనికే ఉంది. ఒక సంకేతం తప్పైనా మిగతా ముక్కలు నిలబడతాయి. తప్పుల తడక స్కాన్ల మీద సెర్చ్ పెట్టాల్సి వస్తే రెండో ఆలోచన లేకుండా దీన్నే ఎంచుకుంటాను.

మూడోది అర్థం దారి. ఇది చేసేదాన్ని మొదటి రెండూ ఎప్పటికీ చేయలేవు. 'సొరకాయ' అడిగితే 'ఆనపకాయ' పేజీ తెస్తుంది. 'గుండెపోటు' అడిగితే 'హార్ట్ ఎటాక్' అని రాసిన వ్యాసం చూపిస్తుంది. 'కరెంటు' అడిగినవాడికి 'విద్యుత్' దొరుకుతుంది. జిల్లాకో మాట ఉన్న భాషలో, మాట్లాడే తెలుగుకూ రాసే తెలుగుకూ ఇంత దూరం ఉన్న చోట ఇది చిన్న విషయం కాదు. వెతికేవాడి మాట, రాసినవాడి మాట ఒకటి కానప్పుడు ఇంకో దిక్కు లేదు.

మరి తొందరపాటని ఎందుకన్నాను? కొలిచి చూసిన అంకెలున్నాయి కాబట్టి. 18 భాషలకు తయారైన మిరాకిల్ అనే పరీక్షా భాండారంలో తెలుగు ఒకటి. తెలుగు వికీపీడియా నుంచి తీసిన 5 లక్షల పైచిలుకు పేరాలు, వాటి మీద ప్రశ్నలు, ఏ పేరా ఏ ప్రశ్నకు పనికొస్తుందో ఆ భాష మాతృభాషగా ఉన్నవాళ్లు ఇచ్చిన తీర్పులు అందులో ఉన్నాయి. మొదటి పది ఫలితాల్లో పనికొచ్చేవి ఎంత పైన ఉన్నాయో 0 నుంచి 1 మధ్య కొలిచే ఎన్‌డీసీజీ అనే కొలతలో, తెలుగుకు మామూలు బీఎం25 సాధించింది 0.494. ఇంగ్లీషు ప్రశ్నలతో శిక్షణ పొందిన ఎండీపీఆర్ అనే అర్థం మోడల్ సాధించింది 0.356. రెండింటినీ కలిపితే 0.602.

0.356 అన్న అంకె చూసి అర్థం పద్ధతిని పక్కన పెట్టేయకూడదు, చివరి అంకె చూసి సంబరపడిపోనూ కూడదు. ముందు ఆ ప్రశ్నలు ఎలాంటివో చూడాలి. మిరాకిల్ తెలుగు ప్రశ్నలు టైడీ క్యూఏ అనే 2020 నాటి భాండారం నుంచే చాలావరకు వచ్చాయి. అందులో 'ఫలానా గ్రామ విస్తీర్ణం ఎంత?' తరహా ప్రశ్నలు బోలెడు. తెలుగు వికీపీడియా చదివేవాళ్లకి కారణం తెలుసు: 2011 జనగణన లెక్కలతో రాసిన వేలాది ఊళ్ల పేజీలు అందులో ఉన్నాయి. ఇన్ని ఇళ్లు, ఇంత జనాభా, ఇన్ని హెక్టార్లు, పేజీ తర్వాత పేజీ అదే వాక్యం. ఊరి పేరూ అంకెలూ తప్ప తేడా లేదు. అలాంటి చోట అర్థం మోడల్‌కు ఆ పేజీలన్నీ దాదాపు ఒకే చోట కుప్పపడతాయి, ఎందుకంటే వాటి అర్థం నిజంగానే ఒకటి. ఊరి పేరును అక్షరాలా పట్టుకునే బీఎం25కు అది నల్లేరు మీద నడక. కాబట్టి ఆ అంకెలు తెలుగు భాష గురించి కొంత చెబుతాయి, తెలుగు వికీపీడియాలోని ఊళ్ల పేజీల గురించి మరికొంత చెబుతాయి. మీ దగ్గర ఉన్నవి వైద్య సలహాల వ్యాసాలైతే వరుస తలకిందులు కావచ్చు.

ఇంకొకటి. ఆ తర్వాత వచ్చిన బహుభాషా మోడళ్లలో చాలావాటికి మిరాకిల్ శిక్షణ భాగాన్నే చదివించారు. అవి అదే మిరాకిల్ పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకుంటే అది పాత ప్రశ్నపత్రాలు చదివి పరీక్ష రాసినట్టే. తప్పు కాదు, కానీ మీ పాత పత్రికల మీద అదే మార్కు వస్తుందనుకోవడానికి వీల్లేదు.

అందుకే పద్ధతి కన్నా ముందు కొలత తేల్చుకోవాలంటాను. ఇక్కడా రెండు దారులున్నాయి: జనం ఏ ఫలితం మీద నొక్కుతున్నారో చూడటం, లేదా ముందే ప్రశ్నలు రాసుకుని మనుషుల చేత తీర్పులు చెప్పించడం. మొదటిది రోజుకు లక్షల మంది వచ్చే సైట్లకు. పైన ఉన్నదాన్నే జనం ఎక్కువ నొక్కుతారు కాబట్టి, ఆ వంకరను సరిచేయడానికి కూడా బోలెడు నొక్కులు కావాలి. రోజుకు ముప్పై మంది వచ్చే గ్రంథాలయం సైటుకు అది కుదరదు.

రెండోది ఇంగ్లండ్‌లోని క్రాన్‌ఫీల్డ్‌లో, విమాన విద్య చెప్పే కాలేజీ గ్రంథాలయంలో పుట్టింది. 1960లలో సిరిల్ క్లెవర్‌డన్ 1400 పత్రాలు, 225 ప్రశ్నలతో చేసిన పరీక్ష ఇప్పటి భాండారాలన్నిటికీ తల్లి. 1992లో మొదలైన ట్రెక్‌లో సాధారణంగా ఒక్కో ఏడాదికి యాభై ప్రశ్నలే పెట్టేవారు. ఇద్దరు మనుషుల తీర్పులు కలవవు కదా అని చాలామంది అడుగుతారు. కలవవు, నిజమే. అయినా తీర్పరులను మార్చి చూసినా ఏ సిస్టమ్ మేలన్న వరుస పెద్దగా మారలేదని ఎలెన్ వూర్‌హీస్ చూపించారు. ఇది నాకు చాలా ధైర్యమిచ్చిన ఫలితం. యాభై ప్రశ్నలు, ఇద్దరు మనుషులు, కొన్ని ఆదివారాలు. చిన్న సంస్థ కూడా చేయగల పని.

చేయకపోతే ఏమవుతుందో 1985లో బ్లేర్, మారన్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించారు. ఒక పెద్ద దావా కోసం లాయర్లు దాదాపు 40,000 పత్రాల్లో వెతికారు. కావలసినవాటిలో 75 శాతమైనా దొరికాయని వాళ్ల నమ్మకం. కొలిచి చూస్తే దొరికింది 20 శాతం దగ్గరే. దొరికినవి బాగున్నాయి కాబట్టి దొరకనివి లేవనుకున్నారు. తెలుగు సెర్చ్ పెట్టి నాలుగు మాటలు కొట్టి చూసి బాగుందనుకున్నప్పుడు మనమూ అదే చేస్తున్నాం.

ఇక నా ఎంపిక. ముందు రాతను ఒక తీరుకు తేవాలి. 'పెళ్ళి', 'పెళ్లి' ఒకటి కావాలి. 'హైదరాబాద్‌లో' మధ్య కంటికి కనిపించని విడదీత సంకేతాన్ని తీసేయాలి. తెలుగు అంకెలూ మామూలు అంకెలూ కలవాలి. ఏ పద్ధతికైనా ఇంత చవకగా ఇంత లాభమిచ్చే పని ఇంకోటి లేదు. తర్వాత మామూలు మాటలతో ఒక బీఎం25, నాలుగేసి సంకేతాల ముక్కలతో ఇంకో బీఎం25, వాటి పక్కన ఒక అర్థం మోడల్. మూడింటి వరుసలనూ కలపడానికి 2009లో కోర్మాక్ బృందం చెప్పిన సులువైన లెక్క చాలు: ప్రతి వరుసలో ఆ పేజీ స్థానానికి 60 కలిపి, ఒకటిని దానితో భాగించి, వచ్చినవాటిని కూడటం. రెవెన్యూ కాగితాలు, జీవోలు, సర్వే నంబర్లయితే అర్థం మోడల్ అసలు వద్దు. అక్కడ 112కూ 121కీ మధ్య దగ్గరతనం అక్కరలేదు. వంటలు, వైద్యం, వ్యవసాయ సలహాలైతే అదే ముందుండాలి.

యాభై ప్రశ్నల్లో ఓ పది మీ భాండారంలో జవాబే లేనివి పెట్టండి. అక్కడ లేని ఊరి పేరు అడిగితే మాట పద్ధతి ఖాళీ చేతులు చూపిస్తుంది. అర్థం పద్ధతి పక్క ఊరి పేజీని తెచ్చి అంతే నమ్మకంగా ముందు పెడుతుంది. తాతగారి ఊరి కోసం వెతికే మనిషి ఆ పేజీని తన ఊరిదే అనుకుని చదువుకునే ప్రమాదం ఉంది. ఎన్‌డీసీజీ అంకెలో ఈ తప్పు కనిపించదు, జవాబు లేని ప్రశ్నకు ఆ కొలతలో చోటే లేదు కాబట్టి. ఆ పదింటినీ విడిగా, కళ్లతోనే చూడాలి.