సమాధిరాయా, చాపెల్ పుస్తకమా? వేల్స్ వంశం వెతకడానికి ఏది మేలు

వేల్స్ ఇళ్లకు కోడళ్లుగా, అల్లుళ్లుగా వెళ్లిన తెలుగువాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: పిల్లల కోసం ఆ వైపు వంశవృక్షం రాయాలంటే ముందు సమాధుల తోటకు వెళ్లాలా, చాపెల్ పుస్తకాలు వెతకాలా? (అధికారిక చర్చికి వెలుపల ఉన్న క్రైస్తవ సంఘాల ప్రార్థనాలయమే చాపెల్, దాని బాప్తిస్మాల, సభ్యుల పట్టీలే ఆ పుస్తకాలు.) మా అత్తగారి పుట్టిల్లు ఉత్తర వేల్స్‌లో బాలా పట్టణానికి దగ్గర. ఆమె కోరిక మీద ఆ వంశాన్ని వెతుకుతూ నేను మొదట పుస్తకాలనే నమ్ముకున్నాను, ఏడాది గడిచాక రాళ్ల దగ్గరకు వచ్చాను. ఆ వరుసను తిరగేసి ఉంటే చాలా శ్రమ తప్పేది. జననమరణాల సర్టిఫికెట్లు, జనాభా లెక్కలు చూడటం వచ్చినవారిని ఉద్దేశించే ఇది రాస్తున్నాను.

వేల్స్‌లో అసలు చిక్కంతా దొరికిన మనిషి మనవాడా కాదా అని తేల్చుకోవడంలో ఉంది. అక్కడ పూర్వం స్థిరమైన ఇంటిపేర్లు లేవు, తండ్రి పేరే కొడుకు పేరు చివర చేరేది. 'అప్' అంటే కొడుకు. అప్ రీస్ కాలక్రమంలో ప్రైస్ అయింది, అప్ హవెల్ పోవెల్ అయింది, అబ్ ఓవెన్ బోవెన్ అయింది. కలిగిన కుటుంబాలు 16వ శతాబ్దం నుంచే స్థిరమైన పేర్లకు మారుతూ వచ్చినా, వాయవ్య ప్రాంతపు సామాన్య రైతుల్లో పాత పద్ధతి 19వ శతాబ్దం మొదటి దశకాల దాకా నడిచింది. రాబర్ట్ విలియమ్స్ కొడుకు జాన్ రాబర్ట్స్, అతని కొడుకు ఓవెన్ జోన్స్ అయ్యేవారు. చివరికి జోన్స్, విలియమ్స్, డేవిస్, ఎవాన్స్ వంటి కొద్దిపాటి పేర్లే ఎంతోమందికి పంచినట్టు మిగిలాయి. ఒకే చాపెల్‌లో నలుగురు జాన్ జోన్స్‌లు ఉంటే ఊరివాళ్లు వాళ్లను గుర్తుపట్టింది వాళ్లుండే ఇంటి పేరుతో: గుట్టమీది ఇంటి జాన్, కొత్తింటి జాన్. మన ఇంటిపేరులా అది తరతరాలూ వెంట రాదు, ఇల్లు మారితే మారుతుంది. అయినా ఇద్దరు జాన్‌లను విడదీసేది అదే. అందువల్ల ఏ ఆధారం ఆ ఇంటి పేరును నమ్మకంగా పట్టిస్తుందన్నదే నా దృష్టిలో ఈ పోలికను తేల్చే అంశం.

19వ శతాబ్దపు వెల్ష్ సమాధిరాళ్ల మీద మనిషి పేరు కింద ఇంటి పేరు చెక్కడం చాలా సాధారణం. భార్య పుట్టింటి పేరు కూడా తరచుగా కనిపిస్తుంది, ఎందుకంటే పెళ్లయ్యాక కూడా స్త్రీని ఆ పేరుతోనే పిలిచే ఆచారం పల్లెల్లో చాలాకాలం నిలిచింది. భాష రాదని వెనుకాడనక్కరలేదు. 'ఎర్ కోవ్ అమ్' అంటే జ్ఞాపకార్థం, 'గ్వ్రైగ్' అంటే భార్య, 'మాబ్' కొడుకు, 'మెర్ఖ్' కూతురు, 'హెవిడ్' అంటే 'ఇంకా, అలాగే'. ఈ కాసిని మాటలు వస్తే రాయి మీది బంధుత్వాలు అర్థమవుతాయి.

మా అత్తగారి పూర్వికుడి రాయి స్లేటు, మన మార్కాపురం పలకల రాయి వంటిదే. శతాబ్దంన్నర వానకు తడిసినా అక్షరాల అంచు ఇంకా గోటికి తగులుతోంది. పైన ఆయన పేరు, ఇంటి పేరు, వయసు ఉన్నాయి. కింది భాగాన్ని గడ్డి కప్పేసింది. ఆ గడ్డిని చేత్తో వంచి, సీసాలో తెచ్చిన నీళ్లు చల్లి, నాచు మెత్తబడ్డాక గుడ్డతో అద్దితే ముందు 'హెవిడ్' అన్న మాట తేలింది, తరువాత రెండేళ్ల ఆడపిల్ల పేరు, 1854 అన్న సంవత్సరం. నేను అక్కడే కూర్చుండిపోయాను. చాపెల్ పుస్తకంలో ఆ పేరుతో 1852లో బాప్తిస్మం ఉంది, 1861 జనాభా లెక్కల్లో ఉన్న పిల్లకేమో ఐదేళ్లే. వయసు కుదరక ఇది వేరే కుటుంబమని నేను ఆ పుస్తకాన్ని పక్కన పెట్టేశాను. పోయిన బిడ్డ పేరును తరువాత పుట్టిన బిడ్డకు పెట్టుకున్నారన్న సంగతి ఆ రాయి ఒక్కటే చెప్పింది. 1851కీ 1861కీ మధ్య పుట్టి పోయిన పిల్లలను జనాభా లెక్కలు ఎరగవు కదా.

రాయి ఇంకొక మేలు కూడా చేస్తుంది. సముద్రంలో మునిగిపోయిన నావికుడి పేరును, పరదేశంలో పోయిన కొడుకు పేరును కూడా సొంత ఊరి రాయి మీదనే చెక్కించేవారు. ఆ శరీరాలు అక్కడ లేకపోయినా కుటుంబం మొత్తం ఒకచోట కనబడుతుంది. అడుగున ఒక్కొక్కసారి ఎంగ్లిన్ అనే నాలుగు పాదాల పద్యం ఉంటుంది. మన యతిప్రాసల వంటి కట్టుబాట్లతో సరిగ్గా ముప్పై అక్షరాల్లో నడిచే ఆ పద్యాన్ని కూడా ఫొటో తీసుకోవడం మరువకండి. పోయినవారి వృత్తి, స్వభావం అందులో దొరకవచ్చు.

రాయికి లోపాలు లేకపోలేదు. పేదలకు రాళ్లు లేవు. 18వ శతాబ్దం చివరికి ముందు సామాన్యుల రాళ్లు అరుదు. ఇసుకరాయి అయితే పొరలుగా రాలిపోతుంది. వయసును కుటుంబసభ్యులు చెప్పినట్టే చెక్కుతారు కనుక ఏడాది రెండేళ్లు అటూ ఇటూ ఉండవచ్చు. చాపెల్ సభ్యులు చాపెల్ ఆవరణలోనే ఉంటారనుకోవడం కూడా పొరపాటు. చాలామంది పారిష్ చర్చి, అంటే ఊరి అధికారిక చర్చి, ఆవరణలోనే ఉన్నారు. అయితే అక్కడ తమ సంఘకాపరి చేత ప్రార్థన జరిపించుకునే హక్కు వాళ్లకు 1880 చట్టంతో గాని రాలేదు.

ఇక చాపెల్ పుస్తకాలు. వీటిని తెరవకముందే మీ కుటుంబం ఏ శాఖదో తెలియాలి. మెథడిస్టుల్లో కాల్వినిస్టు శాఖ అధికారిక చర్చి నుంచి విడిపోయింది 1811లో, కాబట్టి అంతకు ముందరి బాప్తిస్మాలను చాలావరకు పారిష్ రిజిస్టర్లలోనే చూడాలి. బాప్టిస్టులు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. ఒంగోలు, నెల్లూరు సంఘాలు తెలిసినవారికి ఇది చెప్పనక్కరలేదు. 1754 నుంచి 1837 దాకా క్వేకర్లు, యూదులు మినహా అందరి పెళ్లీ చర్చిలోనే జరగాలి, కనుక ఆ కాలపు పెళ్లి కోసం చాపెల్‌ను వెతికి ప్రయోజనం లేదు. 1837కు ముందరి రిజిస్టర్లు చాలావరకు ప్రభుత్వానికి చేరి, ఇప్పుడు లండన్ శివారు క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆర్‌జీ 4 అన్న వరుసలో ఉన్నాయి. తరువాతివి ఎన్నో ఆబరిస్ట్‌విత్‌లోని నేషనల్ లైబ్రరీ ఆఫ్ వేల్స్‌కు చేరాయి. కొన్నింటిని సంఘకాపరులు సొంత ఆస్తిగా భావించి బదిలీపై వెళ్తూ వెంట తీసుకుపోయారు, వాటి జాడ లేదు. పైగా చాపెల్ పేర్లు కూడా జోన్స్‌ల వంటివే: బేతేలు, సీయోను, హోరేబు, ఎబెనెజరు ప్రతి లోయలోనూ ఉన్నాయి.

అయినా రాయి ఇవ్వలేనిది ఈ పుస్తకాల్లో ఒకటుంది, కుటుంబం ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్లిందన్న జాడ. సభ్యుడు ఊరు మారితే పాత సంఘం నుంచి కొత్త సంఘానికి సభ్యత్వ ఉత్తరం పట్టుకెళ్లేవాడు, ఆ రాకపోకలు సభ్యుల పట్టీలో నమోదయ్యేవి. బెతెస్దా ఊరి పెన్రిన్ స్లేటు గనిలో 1900 నుంచి 1903 దాకా సాగిన సమ్మెలో దక్షిణాది బొగ్గు లోయలకు తరలిపోయినవారి జాడ తీయాలంటే నేను ముందు ఈ పట్టీలనే అడుగుతాను. ఏటేటా అచ్చువేసిన 'అద్రోద్‌డియడ్' అనే నివేదికల్లో ఎవరెంత చందా ఇచ్చారో పేరుపేరునా ఉంటుంది. పేరు ఒక ఏడాది మాయమైతే ఆ మనిషి పోయినట్టో, ఊరు వదిలినట్టో అనుకుని అక్కడినుంచి వెతకవచ్చు.

మిగతా ఆధారాల్లో పారిష్ రిజిస్టర్లు అందరూ చూసేవే. 1919 దాకా వెల్ష్ పత్రికలను నేషనల్ లైబ్రరీ ఉచితంగా చూడనిస్తుంది, మరణవార్తలకు పనికొస్తాయి. డీఎన్‌ఏ పరీక్ష బంధువులను చూపిస్తుంది కాని వాళ్లు ఏ జోన్స్‌ల ఇంటివారో చెప్పదు.

నా ఓటు రాయికే. పుస్తకంలోని జాన్ జోన్స్ ఎవరైనా కావచ్చు. రాయి మీది జాన్ జోన్స్ ఫలానా ఇంటివాడు, ఫలానా ఆమె భర్త, ఈ నలుగురు పిల్లల తండ్రి. ఆ ఇంటి పేరు చేతికి వచ్చాక అదే పుస్తకానికి తిరిగి వెళ్లండి, నాకు ఏడాదిపాటు అర్థంకాని పట్టీలు ఒక్క మధ్యాహ్నంలో విడిపోయాయి. పైగా లైబ్రరీలో చేరిన పుస్తకం వచ్చే ఏడాదికీ ఉంటుంది. చాపెళ్లు మాత్రం వరుసగా మూతపడి అమ్ముడవుతున్నాయి, ఆవరణలో ముళ్లపొదలు పెరుగుతున్నాయి. స్థానిక వంశచరిత్ర సంఘాలు ఎన్నో తోటల రాతలను ఎత్తిరాశాయి, ముందు అవి చూసుకోండి. అయితే ఎత్తిరాసినవారికి గడ్డి కింది వరుస కనబడిందో లేదో మీ కళ్లతోనే చూడాలి. ఫిబ్రవరిలో పొదలు ఎండి, ఎండ పక్కవాటుగా పడేవేళ వెళ్లండి, ఏటవాలు వెలుతురుకు అరిగిన అక్షరాల్లో నీడ నిలుస్తుంది. ఆ ఎండ లేని రోజున చిన్న అద్దంతో వెలుతురును పక్కనుంచి మళ్లించవచ్చు. ఇనుప బ్రష్షు, సుద్ద, సబ్బునురగ మాత్రం రాయికి తగలనివ్వకండి.