గ్లాడియేటర్‌కి 37 అంగుళాల టైర్లు వేశాక: యూకాన్ 4.88 గేర్ సెట్ సమీక్ష

జీప్ గ్లాడియేటర్ పికప్‌లో రూబికాన్ రకం కంపెనీ నుంచి 285/70ఆర్17 టైర్లతో, అంటే దాదాపు 32.7 అంగుళాల ఎత్తుతో, 4.10 ఆక్సిల్ రేషియోతో (చక్రం ఒక్కసారి తిరగడానికి డ్రైవ్ షాఫ్టు తిరిగే చుట్లు) వస్తుంది. దానికి 37 అంగుళాల టైర్లు ఎక్కించగానే బండి మందగిస్తుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు గేర్లు పైకీ కిందికీ మారుతూనే ఉంటాయి. ఎనిమిదో గేరు పేరుకే మిగులుతుంది. దీనికి మందు ఇంజిన్‌లో వెతకక్కర్లేదు, ఆక్సిల్‌లో ఉంది. మన ఊళ్ళలో లారీ మెకానిక్‌లు క్రౌన్ పినియన్ అనే జతనే అమెరికాలో రింగ్ అండ్ పినియన్ అంటారు; రింగు పెద్ద పళ్ళచక్రం, పినియన్ దాన్ని తిప్పే చిన్నది. మార్చాల్సింది ఆ జతనే, ముందు ఆక్సిల్‌లోనూ వెనుక ఆక్సిల్‌లోనూ. ఇక్కడ చూసేది అమెరికా గేర్ల కంపెనీ యూకాన్ చేసే 4.88 సెట్‌ని.

ముందు లెక్క చూడండి. పాత రేషియోని కొత్త టైరు ఎత్తుతో గుణించి పాత ఎత్తుతో భాగిస్తే 4.10 × 37 ÷ 32.7 = 4.64 వస్తుంది. ఇది పాత పరిస్థితిని తిరిగి తెచ్చే అంకె మాత్రమే. పెద్ద టైరు బరువెక్కువ, ఆ బరువంతా ఇరుసుకి దూరంగా ఉంటుంది, లేచి నిలబడ్డ బండికి గాలి అడ్డూ ఎక్కువే. అందుకే లెక్కలో వచ్చినదానికంటే ఒక మెట్టు పైకి పోవాలి. 3.6 లీటర్ల పెంటాస్టార్ ఇంజిన్ 260 పౌండ్-ఫుట్ టార్క్‌ని 4,400 ఆర్‌పీఎం దగ్గర ఇస్తుంది. కింది ఆర్‌పీఎంలో దాన్ని ఈడ్చి నడపడంలో లాభం లేదు.

గంటకు 70 మైళ్ళ వేగంతో, ఎనిమిదో గేరులో (దాని రేషియో 0.67), కంపెనీ టైర్లతో ఇంజిన్ సుమారు 1,975 ఆర్‌పీఎం తిరుగుతుంది. 37 వేసి గేర్లు మార్చకపోతే అది 1,750కి పడిపోతుంది. 4.88తో 2,080 అవుతుంది, 5.13తో 2,185. హైవే మీదే ఎక్కువ తిరిగే ఆటోమేటిక్ బండికి 4.88 సరిగ్గా సరిపోతుంది. ట్రెయిలర్ లాగేవాళ్ళు, స్టీల్ బంపర్లూ వించూ రూఫ్ టెంటూ మోసేవాళ్ళు, కొలరాడో కొండల్లో తిరిగేవాళ్ళు 5.13 తీసుకోవాలి. పెరిగేది వంద ఆర్‌పీఎం మాత్రమే. 5.13 అంటే భయపడేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఈ ఎనిమిది గేర్ల పెట్టె ఉన్న బండి విషయంలో ఆ భయానికి ఆధారం లేదు.

రూబికాన్‌కి 35 అంగుళాలు మాత్రమే వేసినవాళ్ళు ఈ ఖర్చు పెట్టుకోవద్దు, 4.10తోనే బండి హాయిగా నడుస్తుంది. 3.73తో వచ్చే గ్లాడియేటర్ స్పోర్ట్ రకం సంగతి వేరు. దాని కంపెనీ టైరు 31.5 అంగుళాలే, 35 వేసినా గేరు మార్చక తప్పదు, 4.56 చాలు.

ఇక సెట్ సంగతి. వెనుక ఆక్సిల్ డానా కంపెనీ ఎం220, ముందుది ఎం210. రింగు కొలతలు వేరు కాబట్టి ఒకదాని సెట్ ఇంకోదానికి పట్టదు. రెండు సెట్లూ, రెండు మాస్టర్ ఇన్‌స్టాల్ కిట్లూ కలిపి ప్యాకేజీగా తీసుకోవడమే మేలు. కిట్‌లో పినియన్ బేరింగులు, క్యారియర్ (రింగుని మోసే డబ్బా) బేరింగులు, పినియన్ సీలు, కొత్త నట్టు, క్రష్ స్లీవు (నట్టు బిగిస్తే నలిగే గొట్టం), షిమ్ములు (సందు సరిచేసే పలుచని రేకులు), రింగు బోల్టులు, పళ్ళకు పూసే రంగు ఉన్నాయో లేదో డబ్బా తెరవగానే చూసుకోవాలి. ముందు ఆక్సిల్ షాఫ్టుల సీళ్ళు చాలా కిట్లలో రావు. క్యారియర్ బయటకు తీసినప్పుడే వాటిని మార్చేయాలి, లేకపోతే నెల తిరక్కుండా ఆయిల్ కారితే మళ్ళీ మొత్తం విప్పాలి. బండి వీఐఎన్ (బండి గుర్తింపు నంబరు) చూపించి, పాత క్యారియర్‌కే కొత్త రింగు పడుతుందని అమ్మేవాళ్ళతో నిర్ధారించుకున్నాకే ఆర్డర్ పెట్టండి. పాత తరం డానా 44 ఆక్సిల్‌లో 3.73 దాకా ఒక క్యారియర్, 3.92 నుంచి ఇంకో క్యారియర్ ఉండేవి. ఆ తేడా తెలియక డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు ఎందరో.

రింగు మీదా పినియన్ మీదా చెక్కిన జత నంబరు ఒకటే అయి ఉండాలి. అవి కలిసి రుద్దుడు పడిన జంట, ఒకదాన్ని మార్చి ఇంకోదాన్ని ఉంచడం కుదరదు. పళ్ళు కూడా లెక్కపెట్టండి. సాధారణంగా 4.10లో 41కి 10, 4.88లో 39కి 8, 5.13లో 41కి 8 ఉంటాయి. పినియన్ పళ్ళు పదినుంచి ఎనిమిదికి తగ్గాయంటే దాని తల చిన్నదవుతుంది, ఆ మేరకు బలమూ తగ్గుతుంది. లాకర్ (ఆక్సిల్ రెండు చక్రాలనీ కలిపి తిప్పే ఏర్పాటు) వేసి రాళ్ళలో ఇరుక్కున్న చక్రం మీద యాక్సిలరేటర్ గట్టిగా తొక్కేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

సెట్ ఎంత మంచిదైనా ఫలితం బిగించే చేతిలోనే ఉంటుంది. రూబికాన్ క్యారియర్ తీసేటప్పుడు ఎలక్ట్రానిక్ లాకర్ వైరు తెగకుండా ముందే విప్పాలి. పాత పినియన్ షిమ్ మందాన్ని మైక్రోమీటర్‌తో కొలిచి అదే మందంతో మొదలుపెట్టాలి. పాత బేరింగు లోపలి రంధ్రాన్ని కాస్త అరగదీసి, చేత్తో ఎక్కించి దించేలా చేసుకుంటే ప్రతి ప్రయత్నానికీ ప్రెస్ దగ్గరికి పరుగెత్తక్కర్లేదు. పళ్ళకు రంగు పూసి తిప్పినప్పుడు ఏర్పడే అచ్చు పంటి అంచు వైపు పడితే పినియన్ దూరంగా ఉన్నట్టు, షిమ్ పెంచాలి. పంటి మొదలు వైపు పడితే మరీ దగ్గరైనట్టు, తగ్గించాలి. అచ్చు పంటి లోపలి కొసకు జరిగిందా, బయటి కొసకు జరిగిందా అని ఎక్కువ కంగారు పడొద్దు. అంచుకీ మొదలుకీ మధ్యన పడిందా లేదా అన్నదే అసలు విషయం.

బ్యాక్‌లాష్, అంటే పళ్ళ మధ్య ఆట, డయల్ గేజితో 0.006 నుంచి 0.010 అంగుళాల మధ్య ఉండాలి. రింగు చుట్టూ మూడు నాలుగు చోట్ల కొలవాలి. ఒక పక్క షిమ్ 0.010 తీసి రెండో పక్క వేస్తే ఆట దాదాపు 0.007 మారుతుంది. కొత్త పినియన్ బేరింగుల ప్రీలోడ్‌కి (బేరింగులకు ముందే ఇచ్చే బిగువు) యూకాన్ సాధారణంగా చెప్పే అంకె 14 నుంచి 19 అంగుళం-పౌండ్లు. కిట్‌తో వచ్చిన కాగితంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. క్రష్ స్లీవు నలగడం మొదలవ్వాలంటే 300 ఫుట్-పౌండ్ల పైమాటే పట్టొచ్చు. తీరా నలగడం మొదలయ్యాక నట్టుని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ ప్రతిసారీ కొలవాలి. ప్రీలోడ్ దాటిపోతే నట్టు వదులు చేసి సరిపెట్టే వీల్లేదు, కొత్త స్లీవు వేయాల్సిందే. మోగే ఆక్సిళ్ళలో చాలావాటికి మూలం ఈ ఒక్కచోట చూపిన తొందరే. అందుకే స్లీవులు రెండు అదనంగా కొనిపెట్టుకోండి.

రింగుని సుత్తితో కొట్టి ఎక్కించే షాపులో బండి వదలొద్దు. రింగుని వేడి చేస్తే అదే జారి కూర్చుంటుంది. బోల్టులు కొత్తవే వాడాలి, ఎర్ర లాక్‌టైట్‌తో (బోల్టు వదులవకుండా పట్టే జిగురు), ఎదురెదురుగా బిగించాలి.

తర్వాత కంప్యూటర్‌కి కొత్త టైరు ఎత్తూ కొత్త రేషియో రెండూ చెప్పాలి. బండికి తగిలించే చిన్న పరికరం టేజర్ మినీతోనో, సెక్యూరిటీ బైపాస్ కేబుల్ పెట్టి ఫోన్ యాప్ జేస్కాన్‌తోనో చేసుకోవచ్చు. ఇది మరచిపోతే గేర్లు అడ్డదిడ్డంగా మారతాయి, డాష్‌బోర్డు మీద లైట్లు వెలుగుతాయి. గేర్ సెట్ బాగోలేదని తిట్టేవాళ్ళు ముందు ఇది చూసుకోవాలి.

కొత్త పళ్ళు కుదురుకునేదాకా సింథటిక్ కాకుండా మామూలు జీఎల్-5 80డబ్ల్యూ-90 గేర్ ఆయిల్ పోయాలి. మొదట 15, 20 మైళ్ళు మెల్లగా నడిపి బండిని పూర్తిగా చల్లారనివ్వాలి. మొదటి 500 మైళ్ళు బరువులు లాగొద్దు. 500 దాటాక ఆయిల్ మార్చాలి. అందులో సన్నని లోహపు పొడి కనిపిస్తే భయం లేదు, చెక్కులు కనిపిస్తేనే ఆగాలి.

సరిగ్గా బిగించిన ఈ సెట్ నిశ్శబ్దంగా నడుస్తుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడో వదిలినప్పుడో మాత్రమే కూత వస్తే పినియన్ లోతునీ ప్రీలోడ్‌నీ అనుమానించాలి. యాక్సిలరేటర్‌తో పనిలేకుండా ఒకే తీరుగా గురగురమంటే బేరింగు. ఈ తేడా చెప్పగలిగితే షాపువాళ్ళు మిమ్మల్ని ఊరికే తిప్పలేరు.

రెండు ఆక్సిళ్ళకు భాగాలూ కూలీ కలిపి రెండు వేల డాలర్ల పైమాటే. కొంత మిగులుతుందని ముందు ఆక్సిల్‌ని తర్వాత చూద్దామనుకోవద్దు. రెండు రేషియోలు వేరుగా ఉన్న బండిలో ఫోర్ వీల్ డ్రైవ్ వేస్తే ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందు వెనుక ఆక్సిళ్ళకు పంచే పెట్టె) బిగుసుకుని విరిగే ప్రమాదం ఉంది. డబ్బు చాలకపోతే టైర్లు కొనడమే వాయిదా వేయండి. బిగించాక అచ్చు ఫొటో, బ్యాక్‌లాష్ అంకె, ప్రీలోడ్ అంకె బిల్లు మీద రాసి ఇచ్చే షాపుకే పని అప్పగించండి.