ఎన్‌సీసీనా, గైడ్సా?

హైస్కూల్‌కు వచ్చిన అమ్మాయిని దేంట్లో చేర్పిస్తే ధైర్యం వస్తుందని తిరుపతిలో చాలామంది తల్లులు అడుగుతుంటారు. ఎన్‌సీసీలో యూనిఫాం, పరేడ్, ఫైరింగ్ ఉంటాయి. కాలేజీలో ఎన్‌సీసీ పై స్థాయి పరీక్ష పాసై సీ సర్టిఫికెట్ సాధిస్తే ఆర్మీ ఆఫీసర్ కావడానికి ప్రత్యేక ఎంట్రీ కూడా ఉంది.

గైడ్స్ అంటే స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో అమ్మాయిల విభాగం. అందులో 6 నుంచి 8 మంది పిల్లలు ఒక ప్యాట్రోల్, అంటే చిన్న జట్టు. వాళ్లలో ఒకరే లీడర్. క్యాంపులో గుడారం ఎక్కడ వేయాలి, వంటకు నీళ్లు ఎవరు తేవాలి, అన్నీ ఆ పిల్లే తేల్చాలి. "తాడు ముడి జారుతోంది, మళ్లీ కట్టు" అని తోటిపిల్లను నొప్పించకుండా చెప్పడం అక్కడే అలవాటవుతుంది. నాకు ఇదే అసలైన నాయకత్వం అనిపిస్తుంది.

అందుకే నలుగురిలో నోరు విప్పడానికి టెన్షన్ పడే పిల్లకు ముందు గైడ్స్, కాలేజీకి వెళ్లాక ఎన్‌సీసీ మంచిది. మీ బడిలో ఏ యూనిట్ ఉందో ముందు కనుక్కోండి.