పాత ప్రశ్నపత్రాలతో మ్యాథ్స్ ప్రిపరేషన్: పదేళ్లు వాడాక నా అనుభవం

హైస్కూలు చివరి రెండేళ్ల మ్యాథ్స్ కోసం నేను పాత ప్రశ్నపత్రాలు మొదటిసారి పట్టుకుని పదేళ్లు దాటింది. అప్పుడు నా పరీక్ష కోసం వాడాను. తర్వాత తమ్ముడికి లెక్కలు చెబుతూ వాడాను, ఇప్పుడు మేనకోడలితో కూర్చుని వాడుతున్నాను. మొదటి ప్రశ్న నుంచి చివరి ప్రశ్న దాకా నేను పూర్తిగా రాసినవి అరవై పేపర్లు ఉంటాయి. దిద్దినవి అంతకు రెట్టింపు. ఈ దిద్దడం గురించే ఎక్కువ చెప్పాలని ఉంది. పాత పేపర్లు పోగేసుకునే పిల్లలు చాలామంది ఉన్నారు. కూర్చుని రాసేవాళ్లు కొందరు. రాసినదాన్ని సరిగ్గా దిద్దుకునేవాళ్లు మాత్రం ఈ పదేళ్లలో నాకు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే కనిపించారు.

నేను టైమ్ పెట్టుకుని రాసిన మొదటి పేపర్ ఇప్పటికీ గుర్తుంది. మూడు గంటలు, 100 మార్కులు. రాయడం అయ్యాక పుస్తకం వెనక ఉన్న జవాబులతో సరిచూసుకుని నాకు నేనే 61 వేసుకున్నాను. సంతోషంగా తీసుకెళ్లి మా మాస్టారికి చూపించాను. ఆయన మార్కింగ్ స్కీమ్ పక్కన పెట్టుకుని, ఒక్కో లైనూ చదువుతూ దిద్ది 47 వేశారు. నాకు ఏడుపొచ్చింది.

"జవాబు కరెక్టే కదా మాస్టారూ, మార్కులు ఎందుకు పోయాయి?" అని అడిగాను.

"జవాబు కరెక్టేనమ్మా. అక్కడికి ఎలా వచ్చావో కాగితం మీద లేదు. దిద్దేవాళ్లకు కనిపించేది కాగితమే" అన్నారు.

ఆ 14 మార్కులు ఎక్కడ పోయాయో ఆ రాత్రి కూర్చుని ఒక్కొక్కటీ వెతికాను. రెండు అనిర్దిష్ట సమాకలనాల్లో (ఇండెఫినిట్ ఇంటిగ్రల్స్) చివర రాయాల్సిన స్థిరాంకం, 'ప్లస్ సి', లేదు. ఒక లాగ్ సమీకరణం ఉంది: బేస్ 2లో లాగ్ ఎక్స్, దానికి లాగ్ (ఎక్స్ − 2) కలిపితే 3. దాన్ని సాధిస్తే ఎక్స్ స్క్వేర్ − 2ఎక్స్ − 8 = 0 వస్తుంది, మూలాలు 4, −2. నేను రెండూ జవాబుగా రాసేశాను. ఋణసంఖ్యకు లాగ్ ఉండదు కాబట్టి −2ను కొట్టేయాలి, ఎందుకు కొట్టేశామో ఒక్క ముక్క రాయాలి కూడా. 'చూపండి' అన్న ప్రశ్నలో మధ్యలో రెండు మెట్లు ఎగరేసి నేరుగా చివరి లైన్ రాశాను. జవాబు ప్రశ్నలోనే ఇచ్చినప్పుడు మార్కులన్నీ ఆ మధ్య మెట్లకే ఉంటాయని అప్పటిదాకా నాకు తోచలేదు.

కాబట్టి నా మొదటి సలహా: జవాబులు మాత్రమే ఉన్న పాత పేపర్ల కట్ట కంటే, మార్కింగ్ స్కీమ్‌తో ఉన్న నాలుగు పేపర్లు చాలా మేలు. ఏ మెట్టుకు ఎన్ని మార్కులో స్కీమ్‌లో కనిపిస్తుంది. చాలా స్కీముల్లో పద్ధతికి వేరుగా, సరైన విలువకు వేరుగా మార్కులు ఉంటాయి. అది తెలిశాక పరీక్ష రాసే తీరే మారుతుంది. మధ్యలో ఎక్కడో కూడిక తప్పిందని తెలిసినా, దొరక్కపోతే మొత్తం కొట్టేసి కంగారుపడనవసరం లేదు. పద్ధతి సరిగ్గా నడిపిస్తే కొన్ని మార్కులైనా మిగులుతాయి.

ఇంకొకటి కూడా స్కీములు చదివాకే నాకు అర్థమైంది. ఒక ప్రశ్నలో మొదటి భాగం 'ఇది ఇంత అని చూపండి' అని ఉండి, రెండో భాగం దాని మీద ఆధారపడితే, మొదటిది రాకపోయినా రెండోది చేయవచ్చు. ఫలితం ఇచ్చేశారు కదా, దాన్ని తీసుకుని ముందుకు వెళ్లడమే. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు మొదటి భాగం దగ్గర ఇరుక్కుంటే ప్రశ్న మొత్తం వదిలేసేదాన్ని. అలా ఎన్ని మార్కులు వదులుకున్నానో! మా తమ్ముడికి మొదటి రోజే ఇది చెప్పాను. అలాగే 'దీని నుంచి రాబట్టండి' అని ఉంటే పైభాగంలో వచ్చిన ఫలితాన్నే వాడాలి. వేరే దారిలో సరైన జవాబు తెచ్చినా పూర్తి మార్కులు రాకపోవచ్చు.

రెండో విషయం తప్పుల నోటుబుక్. దీన్ని అందరూ చెబుతారు, నేనూ మొదట్లో పెద్దగా పట్టించుకోలేదు. తప్పు చేసిన ప్రశ్న, సరైన సాధన అందంగా ఎక్కించడమే నోటుబుక్ అనుకున్నాను. అది కాపీ రాయడంతో సమానం, దానివల్ల నాకు ఒరిగింది తక్కువే. తర్వాత పద్ధతి మార్చాను. సాధన రాయడం మానేసి, ఏ లైన్‌లో, ఏ ఆలోచన వల్ల తప్పు జరిగిందో ఒకే ఒక్క వాక్యం రాసేదాన్ని. ఉదాహరణకు: 'సైన్ 2ఎక్స్ = సైన్ ఎక్స్ అన్నచోట రెండువైపులా సైన్ ఎక్స్‌తో భాగించాను.' 0 నుంచి 2పై లోపు దీనికి నాలుగు సాధనలు ఉన్నాయి: 0, పై, పై బై 3, 5పై బై 3. భాగించేస్తే సైన్ ఎక్స్ సున్నా అయ్యే మొదటి రెండూ మాయమైపోతాయి. కామన్ తీసి లబ్ధాన్ని సున్నాకు సమానం చేస్తే నాలుగూ వస్తాయి.

ఇలాంటి వాక్యాలు నెలరోజులు రాశాక తిరగేసి చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది. నేను ఇంటిగ్రేషన్‌లో వీక్ అని ఇంట్లో అందరికీ చెప్పేదాన్ని, ఆ చాప్టర్ మళ్లీ మళ్లీ చదివేదాన్ని. నోటుబుక్ ప్రకారం ఇంటిగ్రేషన్ సూత్రాల్లో తప్పులు చాలా తక్కువ. ఎక్కువ తప్పులు రెండే చోట్ల ఉన్నాయి. బ్రాకెట్ ముందున్న మైనస్‌ను లోపలి పదాలన్నిటికీ పంచకపోవడం ఒకటి. ప్రతిక్షేపణ (సబ్‌స్టిట్యూషన్) చేశాక ఇంటిగ్రల్ హద్దులు మార్చకపోవడం రెండోది. ఎక్స్ బై (ఎక్స్ స్క్వేర్ + 1)ను 0 నుంచి 2 దాకా సమాకలనం చేసేటప్పుడు ఎక్స్ స్క్వేర్ + 1 ను యు అనుకుంటే హద్దులు 1 నుంచి 5కు మారాలి, జవాబు సహజ లాగ్ 5లో సగం. నేను పాత 0, 2 అలాగే ఉంచి, లాగ్ 0 దగ్గరికి వచ్చి ఆగిపోయాను. ఆ రోజు నుంచి నేను చదవాల్సింది ఇంటిగ్రేషన్ చాప్టర్ కాదని తేలింది. రోజుకు పావుగంట ఆల్జీబ్రా చేశాను, ప్రతిక్షేపణ రాయగానే పక్కన కొత్త హద్దులు రాసే అలవాటు చేసుకున్నాను. టెక్స్ట్‌బుక్ ఎన్నిసార్లు చదివినా ఇది నాకు తెలిసేది కాదు. పాత పేపర్లకు నేను రుణపడి ఉన్నది ఇందుకే.

చాప్టర్ల వారీగా విడగొట్టిన పాత ప్రశ్నలు మంచివా, పూర్తి పేపర్ మంచిదా అని చాలామంది అడుగుతారు. చాప్టర్ అప్పుడే పూర్తయితే విడగొట్టినవి పరవాలేదు. కానీ అక్కడే ఉండిపోతే మోసపోతాం. 'సదిశలు' అని పైన రాసి ఉన్న పేజీలో ప్రశ్న చేసేటప్పుడు ఏ పద్ధతి వాడాలో ఆ శీర్షికే చెప్పేస్తుంది. పరీక్షలో శీర్షిక ఉండదు. డగ్ రోరర్, కెల్లీ టేలర్ అనే ఇద్దరు పరిశోధకులు 2007లో ప్రచురించిన ప్రయోగం ఒకటి నాకు తర్వాత కనిపించింది. కాలేజీ విద్యార్థులకు నాలుగు రకాల ఘనాకృతుల ఘనపరిమాణం కట్టడం నేర్పారు. ఒక గుంపు ఒక్కో రకం లెక్కలన్నీ ఒకేచోట చేసింది, ఇంకో గుంపు అన్ని రకాలూ కలగలిపి చేసింది. సాధన సమయంలో విడివిడిగా చేసినవాళ్లు 89 శాతం సరిగ్గా చేస్తే, కలిపి చేసినవాళ్లు 60 శాతమే చేశారు. వారం తర్వాత పరీక్ష పెడితే కలిపి చేసినవాళ్లకు 63 శాతం, విడివిడిగా చేసినవాళ్లకు 20 శాతం వచ్చింది. ఈ అంకెలు చదివినప్పుడు నా మొదటి ఏడాది కళ్ల ముందు తిరిగింది. చాప్టర్ ప్రశ్నలన్నీ చకచకా చేసేసి, పూర్తి పేపర్ ముందు కూర్చుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక బిక్కమొహం వేసేదాన్ని. కష్టంగా అనిపిస్తోందంటే పని జరగడం లేదని కాదు. పూర్తి పేపర్లలో మొదట్లో మార్కులు పడిపోతే పిల్లల్ని తిట్టకండి, దయచేసి.

టైమ్ సంగతి త్వరగా చెప్పేస్తాను. మూడు గంటలకు 100 మార్కులంటే మార్కుకు 1.8 నిమిషాలు. 7 మార్కుల ప్రశ్నకు పన్నెండున్నర నిమిషాలు దాటితే పక్కన గుర్తు పెట్టి కదలాలి. దీనికి ఆరేడు పేపర్లు చాలు, అలవాటైపోతుంది. మొదటి నుంచీ గడియారం పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. మొదటి నాలుగైదు పేపర్లు టైమ్ లేకుండా, ప్రతి ప్రశ్నా తేల్చుకుంటూ రాయడమే మంచిది.

ఇక ఇబ్బందులు. మొదటిది, అచ్చయిన సాధనల్లో తప్పులు. నేను కొన్న ఒక సాల్వ్‌డ్ పేపర్ల పుస్తకంలో సంభావ్యత లెక్క ఒకటి తప్పుగా ఉంది. ప్రశ్నలో బంతిని తిరిగి సంచిలో వేయకుండా రెండోది తీయమన్నారు, సాధనలో తిరిగి వేసినట్టు కట్టారు. నాదే తప్పని రెండు సాయంత్రాలు తలబద్దలు కొట్టుకున్నాను. కాబట్టి రెండుసార్లు చేసినా మీ జవాబే వస్తుంటే ఇంకొకరికి చూపించండి, మీ మీద నమ్మకం పోగొట్టుకోకండి.

దీనికి ఎదురు కూడా జరుగుతుంది. రెండు సైన్ ఎక్స్ కాస్ ఎక్స్ సమాకలనం ఒకరికి సైన్ స్క్వేర్ ఎక్స్ వస్తుంది, ఒకరికి మైనస్ కాస్ స్క్వేర్ ఎక్స్ వస్తుంది, ఇంకొకరికి కాస్ 2ఎక్స్‌లో మైనస్ సగం వస్తుంది. 'ప్లస్ సి' ఉంటే మూడూ సరైనవే, వాటి మధ్య తేడా స్థిరాంకమే. మా తమ్ముడు కీతో కలవలేదని ఇలాంటి మంచి జవాబును కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాడు. అప్పుడు వాడికి వచ్చిన జవాబును అవకలనం (డిఫరెన్షియేషన్) చేసి వెనక్కి వెళ్లి సరిచూసుకోవడం నేర్పాను. సమాకలనంలో ఏ కీ కన్నా నమ్మదగిన పరీక్ష అదే.

రెండో ఇబ్బంది సిలబస్ మార్పు. బాగా పాత పేపర్లలో ఇప్పుడు లేని పాఠాలు ఉంటాయి, ఇప్పుడున్న పాఠాలు ఉండవు. పేపర్ మొదలుపెట్టే ముందు ఇప్పటి సిలబస్‌తో పోల్చి, లేని ప్రశ్నలు పెన్సిల్‌తో కొట్టేసి, మొత్తం మార్కులూ టైమూ ఆ మేరకు తగ్గించుకోవాలి. ఈ పని పెద్దవాళ్లు చేసిపెడితే పిల్లలకు ఉత్త టెన్షన్ తప్పుతుంది.

మూడోది, నన్ను నిజంగా బాధపెట్టేది: పాత పేపర్లను జోస్యం చెప్పడానికి వాడటం. 'ఈ ప్రశ్న రెండేళ్లుగా రాలేదు, ఈసారి తప్పకుండా వస్తుంది' అని లెక్కలు కట్టి, మిగతా చాప్టర్లు వదిలేసిన స్నేహితురాలు నాకు ఉంది. ఆమె ఎదురుచూసిన ప్రశ్న రానే వచ్చింది, కానీ తిరగేసి అడిగారు. స్పర్శరేఖ సమీకరణం కనుక్కోమనే బదులు స్పర్శరేఖను ఇచ్చి వక్రంలోని స్థిరాంకాన్ని కనుక్కోమన్నారు. బట్టీ పట్టిన సాధన అక్కడ పనికిరాలేదు. ఆమె తెలివైనదే, ఆమెకు జరిగింది తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఏ చాప్టర్‌కు సుమారుగా ఎన్ని మార్కులు వస్తున్నాయో చూసుకుని టైమ్ పంచుకోవడం వేరు, అది చేయండి. ఫలానా ప్రశ్న వస్తుందని నమ్మడం వద్దు.

పేపర్లు తరిగిపోయే సరుకు అని కూడా గుర్తుంచుకోవాలి. ఒకసారి రాసిన పేపర్ నెలలోపు మళ్లీ రాస్తే వచ్చే మార్కుల్లో సగం జ్ఞాపకశక్తికి చెందుతాయి. నేను మొదట్లోనే కొత్త పేపర్లన్నీ ఆత్రంగా రాసేసి, చివరి నెలకు ఒక్కటీ మిగుల్చుకోలేదు. ఇప్పుడు అన్నిటికన్నా ఇటీవలి మూడు పేపర్లు కవరులో పెట్టి నా దగ్గరే ఉంచుతాను. పరీక్షకు ముందు మూడు వారాల్లో వారానికొకటి బయటికి తీస్తాను. చాప్టర్లు సగం కూడా పూర్తికాని పిల్లలకైతే అసలు పేపర్లే ఇవ్వను. రాని ప్రశ్నలతో నిండిన పేపర్ వాళ్లకు ఏమీ నేర్పదు, భయపెడుతుంది.

మేనకోడలితో ఇప్పుడు పాటిస్తున్న పద్ధతి ఇది: తను రాస్తుంది, స్కీమ్ చూసి తానే దిద్దుకుంటుంది, మార్కులు ఒక చీటీ మీద రాసి మడిచి పెడుతుంది. తర్వాత నేను విడిగా దిద్దుతాను. రెండు అంకెలూ పక్కపక్కన పెడతాం. జూన్‌లో మొదలుపెట్టినప్పుడు తన లెక్కకూ నా లెక్కకూ 11 మార్కుల తేడా ఉండేది. ఎన్ని మార్కులు వచ్చాయన్న దానికన్నా నేను ఆ తేడానే చూస్తాను. తేడా తగ్గుతోందంటే దిద్దేవాళ్ల కళ్లతో తన కాగితాన్ని చూడటం వస్తోందని అర్థం.

పోయిన వారం తను 68 వేసుకుంది, నాకు 67 వచ్చింది. ఆ ఒక్క మార్కూ ఒక గరిష్ఠ విలువ ప్రశ్నది: ఎక్స్ క్యూబ్ − 3ఎక్స్‌కు −2 నుంచి 3 వరకు గరిష్ఠ విలువ ఎంత? ఎక్స్ −1 దగ్గర 2, 1 దగ్గర −2, 3 దగ్గర 18 అని రాసి, 18 అని సరిగ్గా తేల్చింది. −2 దగ్గరి విలువ మాత్రం రాయలేదు.

"అక్కడ −2 వస్తుందని చూడగానే తెలుస్తోంది కదా అత్తా, రాయకపోతే ఏం?" అంది.

"నీకు తెలుసని నాకు తెలుసమ్మా. కాగితం మీద లేదు" అన్నాను. పెన్సిల్ తీసుకుని ఆ లైన్ రాసింది, చీటీ మీద 68 కొట్టేసి 67 వేసుకుంది.