సన్‌రూఫ్ దించి మళ్లీ బిగించిన వర్క్‌షాప్ పనితనం

మా కారు సన్‌రూఫ్ సగం తెరుచుకుని, ఒక పక్కకు ఒరిగి ఆగిపోయినప్పుడు మోటారు కాలిపోయిందనే అనుకున్నాను. వర్క్‌షాప్‌లోని పెద్ద మెకానిక్ స్విచ్ నొక్కి, కాసేపు శబ్దం విని, మోటారు బాగానే తిరుగుతోందని, అద్దాన్ని లాగే రెండు కేబుళ్లలో ఎడమవైపు దాని చివరనున్న ప్లాస్టిక్ ముక్క విరిగిందని చెప్పారు. ఆ రెండు కేబుళ్లూ సమానంగా కదిలితేనే అద్దం తిన్నగా జరుగుతుంది. ఒకటి వెనకబడితే అద్దం తాను జరిగే పట్టాలలో అడ్డంగా ఇరుక్కుంటుంది. మా కారులో సన్‌రూఫ్‌ను చట్రంతో సహా మొత్తంగా దించితే తప్ప ఆ కేబుల్ చేతికి అందదని, పనికి రెండు రోజులు పడుతుందని ఆయన ముందే స్పష్టంగా చెప్పారు.

నేను దగ్గరుండి చూస్తానంటే కాదనలేదు. పైకప్పు అంచుల వెంట కర్టెన్ ఎయిర్‌బ్యాగులు (ప్రమాదంలో పక్క కిటికీల మీదికి ఉబ్బే గాలి సంచులు) ఉంటాయి కనుక, అవి పొరపాటున పేలకుండా మొదట బ్యాటరీ తీగ విప్పి, కొన్ని నిమిషాలు ఆగిన తరువాతే లోపలి పని మొదలుపెట్టారు. సన్‌వైజర్లు, చేతిపిడులు, లోపలి దీపం, కిటికీల పక్కన పైకప్పును మోసే స్తంభాల మీది ప్లాస్టిక్ తొడుగులు ఒక్కొక్కటిగా ఊడదీసి, ఏ స్క్రూ ఎక్కడిదో తెలిసేలా విడివిడి డబ్బాలలో వేశారు. అసలు నైపుణ్యం కనిపించింది హెడ్‌లైనర్, అంటే పైకప్పు లోపలివైపు కప్పి ఉండే పెద్ద పలక, దించేటప్పుడు. అది ఒక్కసారి మడత పడిందంటే ఆ గీత ఇక పోదు. ముందు సీట్లను పూర్తిగా వెనక్కి వాల్చి, ఇద్దరు మనుషులు ఉతికిన చేతి తొడుగులతో దాన్ని రెండు చివరలా పట్టుకుని, ఎక్కడా వంచకుండా డిక్కీ తలుపు గుండా బయటికి తీశారు. ఆ తరువాత సన్‌రూఫ్ చట్రాన్ని కూడా ఇద్దరూ కలిసే దించారు. ఒక్కడే దించితే అద్దం బరువుకు చట్రం మెలిపడుతుందట.

కేబుల్ మార్చి, పట్టాలలోని పాత గ్రీజు తుడిచి కొత్తది రాయడం త్వరగానే అయింది. కానీ డ్రెయిన్ గొట్టాల దగ్గర వారు చూపిన శ్రద్ధను ప్రత్యేకంగా చెప్పాలి. సన్‌రూఫ్ చుట్టూ ఉండే రబ్బరు పట్టీ వాన నీటిని పూర్తిగా ఆపదు. లోపలికి దిగిన నీరు చట్రంలోని కాలువలో చేరి, మూలల నుంచి స్తంభాల గుండా దిగే సన్నని గొట్టాల ద్వారా కారు కిందికి పోవాలి. మా కారులో ముందు కుడివైపు గొట్టం మట్టితో పూడుకుపోయి ఉంది. కంప్రెసర్ గాలి గట్టిగా కొడితే లోపల గొట్టం కీలు ఊడిపోవచ్చని, వంగే నైలాన్ తీగతో నెమ్మదిగా శుభ్రం చేశారు. హెడ్‌లైనర్ తిరిగి ఎక్కించక ముందే నాలుగు మూలలా నీరు పోసి, ప్రతి గొట్టం నుంచీ అది కింద కారుతున్నదో లేదో నన్నే వంగి చూడమన్నారు. ఈ పరీక్ష చేయకుండా పైకప్పు మూసేసే చోట ఈ పని చేయించుకోవద్దని నా గట్టి సలహా, ఎందుకంటే తప్పు జరిగినట్టు తెలిసేది కార్పెట్ తడిసి వాసన వచ్చిన తరువాతే.

లోపాలూ ఉన్నాయి. మోటారుకు అద్దం హద్దులు మళ్లీ నేర్పించి, దారిలో చుట్టిన తువ్వాలు పెట్టి అద్దం దానికి తగలగానే వెనక్కి మళ్లుతున్నదని చూపించారు గానీ, కారును వేగంగా నడిపి చూడకుండానే తాళాలు ఇచ్చేశారు. వేగం పెరిగేసరికి తల మీద ఈల వేసినట్టు గాలి శబ్దం మొదలైంది. మర్నాడు తీసుకెళితే అద్దం ముందు అంచు పైకప్పు కంటే కాస్త ఎత్తులో ఉందని తేలింది; ఆ అంచు పైకప్పుకు సమంగా గానీ, వెంట్రుకవాసి దిగువన గానీ ఉండాలి. పక్క స్క్రూలు వదులు చేసి పావుగంటలో సరిచేశారు, అదనంగా ఏమీ అడగలేదు. అయినా ఆ రెండో రాక తప్పించగలిగిందే. పైగా విప్పేటప్పుడు విరిగిన ఒక క్లిప్పును నాకు చెప్పకుండా మార్చారు. బిల్లులో చూసే వరకు ఆ సంగతి నాకు తెలియదు.

ఆ తరువాత ఒక వానకాలం గడిచింది. హెడ్‌లైనర్ మీద మరక గానీ మడత గానీ లేదు, అద్దం రెండు వైపులా ఒకే తీరున జరుగుతోంది. గతుకుల మీద వెనక చేతిపిడి దగ్గర వినిపించే చిన్న కిర్రు శబ్దం ఒక్కటే మిగిలింది. వచ్చే సర్వీసుకు అక్కడికే తీసుకెళ్లి దాన్ని కూడా చూపిస్తాను.