నిమ్మ ఉప్పుతో ఆర్‌ఎక్స్ 100 ట్యాంకు తుప్పు వదులుతుందా?

ట్యాంకులో తుప్పు అనగానే చాలామంది చెప్పే మందు బాత్‌రూమ్ యాసిడ్. అది తుప్పుతో ఆగదు, రేకునూ తింటుంది. యమహా ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది. ఒరిజినల్ ట్యాంకు ఉన్నవాళ్లు ఆ జోలికి పోవద్దు. వరంగల్‌లో ఏ కిరాణం షాపులోనైనా దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్ పొడి) నిదానంగా పనిచేస్తుంది, కానీ చేస్తుంది.

ముందు పెట్రోల్ కాక్ (ట్యాంకు కింద పెట్రోల్ వదిలే కుళాయి) విప్పాలి. దాని తెల్ల లోహాన్ని యాసిడ్ కొరికేస్తుంది. మూత కూడా తీసి పక్కన పెట్టి, కాక్ రంధ్రాన్ని రబ్బరుతో బిగించాలి. పాత పెట్రోల్ జిగురు మీద నిమ్మ ఉప్పు పని చేయదు కాబట్టి సబ్బు పొడి, వేడి నీళ్లతో కడగడం తప్పదు. తర్వాత పది లీటర్ల వేడి నీళ్లలో 700 గ్రాములు కలిపి నిండా పోయాలి. పెచ్చులు రాలడానికి నట్లు వేస్తుంటారు. వాటికంటే పాత సైకిల్ చైను నయం, ఒక్క ముక్కగా బయటికొస్తుంది. నట్లే వేస్తే లెక్కబెట్టి వేయండి. ట్యాంకు నోరు మూయొద్దు, లోపల హైడ్రోజన్ పుడుతుంది. దగ్గర్లో బీడీ కూడా వద్దు. పన్నెండు గంటలకోసారి టార్చి వేసి చూడాలి. ఒక రోజు దాటితే మంచి రేకు మీద కూడా నల్లటి మసి పడుతుంది. పెయింటు మీద కారిన చుక్క మచ్చ చేస్తుంది, నోటి చుట్టూ గ్రీజు రాయండి.

ఇంతవరకు పౌడర్‌కు వంక పెట్టడానికి లేదు. చాలామంది దెబ్బతినేది ఒంపేశాక వచ్చే అరగంటలో. శుభ్రమైన తడి రేకు నిమిషాల్లో నారింజ రంగుకు తిరుగుతుంది, మన వానాకాలంలో ఇంకా తొందరగా. అందుకే వంట సోడా, హెయిర్ డ్రయ్యర్, టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్ ఆయిల్) ముందే చేతికి అందేలా ఉండాలి. రెండుసార్లు నీళ్లు, ఆపై పది లీటర్లకు 100 గ్రాముల సోడా (బుస్సున పొంగుతుంది), మళ్లీ నీళ్లు, వెంటనే డ్రయ్యర్. అది తీసి దూరంగా పెట్టాకే అర లీటరు పెట్రోల్‌లో 100 మి.లీ. టూటీ ఆయిల్ కలిపి లోపలంతా తిప్పాలి. టూ స్ట్రోక్ బండే కదా, మిగిలిన ఆయిల్ కాలిపోతుంది. ఏప్రిల్, మే ఎండల్లో చేస్తే సగం పని సూర్యుడే చేస్తాడు.

లోపాలున్నాయి. తుప్పే మూసి ఉంచిన సన్న రంధ్రాలు కడిగాక తెరుచుకుంటాయి. సబ్బు నురగ రాసి, మెల్లగా గాలి ఊది చూడండి. ఇక ఫాస్ఫారిక్ యాసిడ్ రిమూవర్ వదిలే రక్షణ పొర దీనికి లేదు. బంకుల్లో ఇప్పుడు పోసేది 20 శాతం ఇథనాల్ పెట్రోల్. ఇథనాల్ తేమను లాగుతుంది, నెలల తరబడి సగం ట్యాంకుతో నిలబెట్టే బండికి తుప్పు మళ్లీ వస్తుంది. అలాంటి బండికి ఫాస్ఫారిక్ కొనండి. రోజూ తిరిగే బండికి నిమ్మ ఉప్పు చాలు, కార్బొరేటర్ ముందు పైపులో చిన్న ఫిల్టరు పెట్టుకుంటే సరి.